నూరు శాతం తేట

వేడిపెట్టె తలుపు తీయగానే కృపామణి కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. అది విడిపోయేదాకా ఆగి, మొదటి విడత పలకలను ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురుకు ఎత్తి చూడసాగింది. పలకకు ఆరు గుంటలు. మూడు తెరిచి ఉంటాయి, వాటిలో ఇప్పుడు వాడుకలో ఉన్న సాగు మందులు. మూడింటికి నల్లమూతలు బిగించి ఉంటాయి. తెరిచిన గుంటలో ద్రవం గంజిలా మసకబారిందంటే, బిడ్డ ఒంట్లోని క్రిమి ఆ గుంటలోని మందును లెక్కచేయకుండా పెరిగిందన్నమాట. తేటగా నిలిచిందంటే మందు పనిచేసినట్టు. ఒకప్పుడు రెండు మూడు రోజులు పట్టిన ఈ పని ఇప్పుడు ఒక పూటలో అయిపోతుంది.

మొదటి పలకలో మూడూ మసకే. రెండో పలక కూడా అంతే. మూడో పలక ఎత్తినప్పుడు మాత్రం చివరి గుంటలోంచి కిటికీ బయట ఊగుతున్న కొబ్బరాకు, దాని మీద వాలిన పిట్టతో సహా కనిపించింది.

"తేట!" అని అరిచేసింది కృపామణి.

బల్ల దగ్గర కూర్చున్న డాక్టర్ వేదవతి తల ఎత్తలేదు. "ఎవరికమ్మా?"

"చెవిలో చీముతో వచ్చాడే, ఆ బాబుకి మేడమ్. మూడో సాగు మందు పడింది."

"వెళ్ళి చెప్పిరా. అసలు చెప్పక్కర్లేదులే, నీ అరుపు వరండాలోకి ఈపాటికి చేరే ఉంటుంది."

కొత్త ఉప్పాడ శిశుజ్వర కేంద్రంలో ఫలితం చెప్పేది డాక్టర్ కాదు. పలకలు చదివి మందు జాడ తీసే జాడరే స్వయంగా వరండాలోకి వెళ్ళి, బిడ్డ తల్లి ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పాలి. దొరికింది, లేదా దొరకలేదు. మందు పేరు చెప్పకూడదు. ఎందుకని అడిగితే డాక్టరుగారు చెబుతారనాలి. శిక్షణలో ఈ పాఠాన్ని అద్దం ముందు నిలబెట్టి మరీ చెప్పించారు. దొరకలేదు అన్నప్పుడు కళ్ళు దించుకోకూడదు, దించుకుంటే ఏదో దాస్తున్నారనుకుంటారు అని పంతులమ్మ పదే పదే సరిదిద్దింది.

చెవి బాబు తాతకు ఆ ఒక్క మాటా చెప్పగానే ఆయన తలపాగా విప్పి మనవడి మెడలో వేసి, అక్కడే రెండడుగులు గెంతాడు. మొదటి ఇద్దరు తల్లులకు రెండో మాట చెప్పింది. మిగిలిన పలకలూ చూసి ఎవరి మాట వాళ్ళకు చెప్పాక లోపలికి వచ్చింది. తొడుగులు మార్చుకుంటూ గోళ్ళు చూసుకుంది. పెళ్ళి గోరింటాకు గోరు మొదట్లో తెల్లబడుతూ పైకి జరుగుతోంది. సగం గోరుకు పైగా ఎరుపు ఇంకా ఉంది. ప్రతి ఆదివారం భర్త సామ్యూల్ ఆమె చెయ్యి పట్టుకుని, ఇది పూర్తిగా పోయేలోపు మళ్ళీ పెట్టుకోవాలి, లేకపోతే పెళ్ళి పాతబడిపోయినట్టే అంటాడు. తొడుగుల కింద ఆ ఎరుపు ఉందన్న సంగతే ఆమెకు రోజంతా ఒక చిన్న సంబరం.

నల్లమూతలను ఎప్పట్లాగే తాకకుండా పలకలను యంత్రం మీద పెట్టింది. వాటి కింద ఉన్నవి బీడు మందులు. పూర్వం అవీ సాగులోనే ఉండేవి. జలుబుకూ దగ్గుకూ కోళ్ళకూ చేపలకూ వాడి వాడి వాటిని చంపేశారు. ఇప్పుడు జిల్లా మొత్తం ఏళ్ళ తరబడి వాటిని ముట్టుకోకుండా వదిలేసింది. తమ మీద ప్రయోగించని మందును ఎదిరించే విద్యను మోసుకు తిరగడం క్రిములకు దండగ. మెల్లగా మరిచిపోతాయి. ఎంతవరకు మరిచాయో కొలిచేదే ఆ మూతల కింద. యంత్రం అడుగునుంచి వాటిని చదివి నేరుగా బీడు మండలికి పంపుతుంది. మండలికి బిడ్డ పేరూ ఊరూ అక్కరలేదు. విడతలో ఎందరి గుంట తేటపడిందో ఆ శాతం చాలు.

పోటు మొదలై తీరపు రోడ్డు నీళ్ళలో మునిగింది. పోటు తీసేదాకా బళ్ళు రావు. రెండో విడతకు ఎవరూ రారనుకుని కృపామణి పలకలు కడిగే పనిలో ఉండగా, ఆవరణ గోడ దాకా ఒక పడవ వచ్చి ఆగింది.

దిగింది ఇద్దరు ఆడవాళ్ళు. చిన్నామె చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి. గుండెలకు హత్తుకున్న గుడ్డమూట మాత్రం పొడిగా ఉంది. వెనకనున్న పెద్దామె తన గొడుగును కోడలి తల మీద కాకుండా మూట మీద పట్టుకుని నడుస్తోంది.

"పేరు?" అంది కృపామణి.

"నూకరత్నం అండి."

"నీది కాదమ్మా, పాపది."

"ఇంకా ఎట్టలేదండి. బారసాల ఈ నెలాకర్ని అనుకున్నాం." మూట విప్పింది. "నిన్నట్నించీ పాలు అట్టుకోట్లేదండి. నోట్లో ఎడితే ఒగ్గేత్తంది."

"ఇది పాలిచ్చేటప్పుడు ఫోనులో మొకం ఎట్టుకుని కూకుంటాది. పిల్ల తాగిందో లేదో దీనికేం తెలుద్ది?" అంది పెద్దామె.

"నువ్వూరుకో అత్తా."

"నాను ఊరుకునే ఉన్నాను. జొరం మాత్రం లేదమ్మా, ఒల్లు సల్లగానే ఉంది. భయవేటి లేదు కదా?"

కృపామణి పాప పాదం పట్టుకుంది. కోసిన అరటిదుంపలా చల్లగా ఉంది. నెల నిండని పిల్లలకు వేడి ఎక్కడం కన్నా ఇలా చల్లబడటమే చెడ్డ గుర్తు. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు. "మేడమ్" అని లోపలికి పిలిచింది. ఆ పిలుపులోని తేడా డాక్టర్ వేదవతికి తెలుసు. పరుగున వచ్చింది.

పాప ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంట పడుతోంది. ఊపిరి చివర సన్నగా మూలుగు. బొడ్డు చుట్టూ ఎర్రటి వలయం. డాక్టర్ పాప ఛాతీ మీద వేలితో నొక్కి వదిలింది. తెల్లబడిన చోటికి రంగు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఏడవాల్సిన సూది పోటుకు పాప కనుబొమలు మాత్రం కదిలించింది.

"నెత్తుట్లోకి దిగింది" అంది డాక్టర్. "భక్షిద్రవం ఎక్కించు, క్రిములను కొన్నైనా తింటుంది. గాలిగొట్టం పెట్టు. నూకరత్నం, రవిక విప్పి పాపను నీ ఒంటికే ఆనించుకో. నీ వేడే దానికి ఇప్పుడు కావాలి. పైనుంచి దుప్పటి కప్పుతాం."

"మందు ఎయ్యరాండీ?"

"ఏ మందు పనిచేస్తుందో తెలిశాక వేస్తాం. గుడ్డిగా వేయకూడదమ్మా."

గుడ్డిగా వేయడం నేరం. లోకం ఈ గతికి వచ్చింది అలా వేసినందువల్లే అని పిల్లలకు బడిలోనే చెబుతారు. నూకరత్నం కూడా అది చదువుకున్నదే కాబట్టి తల ఊపింది. అత్తగారు కృపామణి చేతులకేసి చూసింది. తొడుగు వేసుకునే ముందు ఎర్రటి గోళ్ళు ఆవిడ కంటపడ్డాయి.

"కొత్త పెల్లికూతురివా అమ్మాయ్? మీ ఆయన వంట సేత్తాడా?"

"చేస్తాడండి. ఉప్పు ఒక్కటే మర్చిపోతాడు."

"ఉప్పు మరిసిపోతే పరవాలేదు. మా ఓడు ఇల్లే మరిసిపోతాడు" అంది అత్తగారు. అంత బాధలోనూ నూకరత్నం పెదవి మీద నవ్వు లాంటిది వచ్చి పోయింది.

చిన్న గొట్టంలో నాలుగు చుక్కల నెత్తురు. కృపామణి దాన్ని ఆరు గుంటల్లోకీ పంచి, మూడింటికి నల్లమూతలు బిగించి, వేడిపెట్టెలో పెట్టింది. అంత పెద్ద పెట్టెలో ఒకే ఒక్క పలక.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిస్తే మూత లోపల ఒక సన్నజాజి అంటించి ఉంది. తడికి ఆకులా వాలిపోయినా వాసన ఉంది. ఆమె నవ్వుకుంటుండగానే ఫోను మోగింది.

"దొరికిందా?" అన్నాడు సామ్యూల్.

"పువ్వా? దొరికింది. పప్పులో ఉప్పు దొరకలేదు."

"రేపటి నుంచి ఉప్పు మూతకి అంటిస్తాను, పువ్వు పప్పులో వేస్తాను. సరేనా?"

సామ్యూల్ మురుగు కాపలాలో పనిచేస్తాడు. ఊరి కాలువలన్నీ కలిసేచోట అతని స్టేషను. జిల్లాలో ఏ ఒంట్లోకి బీడు మందు వెళ్ళినా అది కాలువలోకి రాక తప్పదు. వస్తే అతని యంత్రం కూస్తుంది. అది కూస్తే జిల్లా బీడు తెగినట్టే, మళ్ళీ మొదటి నుంచి లెక్క.

"ఈ నెల కూడా శుభ్రంగా ఉందండోయ్" అన్నాడు. "మా పైవాళ్ళు అంటున్నారు, ఇంకో రెండేళ్ళు ఇలాగే ఉంటే ఆ మూడింట్లో ఒకటి సాగుకి వదిలేస్తారట."

"నిజమా!"

"పక్క జిల్లావాళ్ళలా మనవాళ్ళు కక్కుర్తి పడకపోతే. అక్కడ ఎవరో పెద్దాయన మనవడికి ఒక్కడికి ఇచ్చారు. ఆ పిల్లాడు బతికాడులే. తర్వాత ఒకళ్ళని చూసి ఒకళ్ళు... ఏడాది తిరక్కుండా ఆ మందు అక్కడ నీళ్ళు." గొంతు తగ్గించి అన్నాడు. "మన పిల్లలు పుట్టేసరికి మనకి తయారుగా ఉంటుంది కృపా. చూస్తూ ఉండు."

"ఆఫీసులో ఉండి పిల్లల మాటలేంటండీ, ఎవరైనా వింటారు" అంది గానీ ఆమె ముఖం వేడెక్కింది. సన్నజాజిని తీసి కళ్ళద్దాల పెట్టెలో దాచుకుంది.

అన్నం తిన్న చేతులు కడుక్కుని వేడిపెట్టె తెరిచింది. మూడు గుంటలు. మసక. మసక. మూడోదాన్ని తిప్పి తిప్పి చూసింది. కిటికీ వైపు, దీపం వైపు. కొబ్బరాకు కాదు కదా, పగటి వెలుతురే సరిగ్గా దాటడం లేదు. పలకను యంత్రం మీద పెట్టింది. యంత్రం కూడా అదే చెప్పింది.

దుప్పటి కింద నూకరత్నం గుండెల మీద పాప అలాగే ఉంది. వరండా వైపు గాజు గోడలోంచి చూస్తే ఆ దుప్పటి తల్లి ఊపిరికి లేస్తోందో, బిడ్డ ఊపిరికో తెలియదు. ఇంకో నిమిషంలో వెళ్ళి రెండో మాట చెప్పాలి. కృపామణి నిలబడి గొంతు సవరించుకుంటుండగా వంటగది వైపునుంచి చప్పట్లు వినిపించాయి.

ఆయా ఒక అట్టపెట్టెతో లోపలికి వచ్చింది. "కాజాలు! ఇలాంటి రోజుకని డాక్టరమ్మగారు తెప్పించి ఉంచారు. మండలి నుంచి శుభవార్త వచ్చిందంట." పెట్టె తెరిస్తే పాకం వాసన గదంతా కమ్మింది. శాతం పెరిగిన రోజున కేంద్రంలో అందరికీ కాజాలు పంచడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. పోయినసారి కృపామణి రెండు తిని, ఒకటి రుమాల్లో చుట్టి సామ్యూల్‌కు పట్టుకెళ్ళింది.

ఇప్పుడూ చెయ్యి చాపింది. కాజా వేళ్ళ మధ్య మెత్తగా నలిగి, పాకం తొడుగు మీదికి జారింది.

"ఎంత శాతమట?"

"నూరు!" అంది ఆయా. "బీడు రెండో మందుకి నూరు శాతం తేటంట. ఈ కేంద్రం పెట్టిన కాడ్నించి ఇంత ఎప్పుడూ రాలేదంట."

"ఏ విడతకి?"

"ఇప్పటి విడతకే. ఇందాకే వచ్చింది."

కృపామణి కాజాను పెట్టెలో తిరిగి పెట్టేసింది. ఇప్పటి విడత అంటే రెండో విడత. రెండో విడత అంటే ఒకే ఒక్క పలక. మామూలుగా విడతకు పది పన్నెండు పలకలు కలిసే ఆ లెక్కలో ఎవరిది తేటో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండటానికే లెక్కను అలా కట్టారు. పోటు రోజున పడవ మీద ఒక్కతే వస్తుందని లెక్క కట్టినవాళ్ళు ఊహించలేదు.

తొడుగులు విప్పకుండానే డాక్టర్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, ఆ నూరు శాతం ఆ పాపే కదా?"

డాక్టర్ వేదవతి తలుపు వైపు చూసింది. "తలుపు వేసి రా."

కృపామణి వేసింది.

"ఆ పాపే" అంది డాక్టర్.

"అయితే మందు ఉంది."

"రాజధానిలో ఉంది. గాలిబండిలో గంట దూరం. కానీ మనకి లేదు."

"మీకు ఇదివరకు కూడా ఇలా తెలిసేదా?"

"ఎవరిదో తెలిసేది కాదు, ఎవరో ఒకరిదని తెలిసేది" అంది డాక్టర్. "ఇన్నాళ్ళుగా చూస్తున్నావు కదా. నేను ఒక్కసారైనా కాజా తిన్నానా?"

"మీకు చక్కెర జబ్బు అన్నారు."

"నాకే జబ్బూ లేదమ్మా." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వచ్చిన కొత్తలో నేనూ అడిగేదాన్ని. సాగులో దొరకని ప్రతి బిడ్డకీ విన్నపం రాసేదాన్ని. ఒక్కరికిస్తే ఎందరు పోతారో వాళ్ళు లెక్కతో సహా చూపించేవారు. ఆ లెక్కలో తప్పు వెతికాను, దొరకలేదు. పక్క జిల్లాలో ఏమైందో నువ్వూ చూశావు. వాళ్ళు దుర్మార్గులైతే నాకు సుఖంగా ఉండేది, కృపా. కారు."

"మరి నేను వెళ్ళి ఆవిడకి ఏం చెప్పను?"

"రోజూ చెప్పే మాటే."

"అది అబద్ధం."

"నిజం చెబితే పాప బతుకుతుందా?"

"బతకదు."

"ఇప్పుడామె అనుకుంటుంది, లోకంలో మందే లేదు, నా రాత ఇంతే అని. అలా అనుకుని ఏడ్చి, ఏదో రోజు లేచి అన్నం తింటుంది. నువ్వు చెప్పింది విన్నాక ఆమె ఎలా లేస్తుంది? ఒక్క గంట దూరంలో మందు పెట్టుకుని నా పిల్లని చూస్తూ ఊరుకున్నారని జన్మంతా మోస్తుంది. ఆ బరువు ఆమె మీద వేయడానికి నీకేం హక్కు?"

డాక్టరమ్మ అన్నదాంట్లో కృపామణికీ తప్పు దొరకలేదు. తల ఊపి బయటికి వచ్చింది. వరండాలోకి నడుస్తూ ఆ ఒక్క మాటనూ నోట్లో సిద్ధం చేసుకుంది.

పోటు తీసి రోడ్డు తేలినట్టుంది, మూడో విడతకు ఆడవాళ్ళు రావడం మొదలైంది. బల్లల నిండా పిల్లలను ఒళ్ళో వేసుకున్న తల్లులు. వాళ్ళ మధ్య, దుప్పటి కప్పుకుని, గోడకు ఆనుకుని నూకరత్నం. జాడరి వస్తుంటే అందరూ కాళ్ళు దగ్గరకు ముడుచుకుని దారి ఇచ్చారు.

నూకరత్నం ఆమె నోరు తెరవకముందే అడిగింది. "నిజం సెప్పండమ్మా. దీనికి మందే లేదాండీ?"

అద్దం ముందు నేర్చుకున్నట్టే కృపామణి ఆమె కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు ఆమె నుంచి ఏదీ దాచుకోలేదు. భయం, నిద్రలేమి, ఇంకా ఎక్కడో కాస్త ఆశ, అన్నీ పైనే ఉన్నాయి.

"ఉందమ్మా" అంది. "బీడులో ఉంది. మీ పాపకి పనిచేస్తుంది. కానీ ఇవ్వరు."

వరండాలో ఒక పిల్లవాడు దగ్గాడు.

అత్తగారే ముందు తేరుకుంది. "ఇవ్వరంటే? డబ్బులు కావాలంటమ్మా? మా బోటు రాసిచ్చేత్తాం."

"డబ్బు కాదండి. ఇప్పుడు వాడితే మందు మళ్ళీ పాడైపోతుందని దాస్తున్నారు."

"ఎవురి కోసం దాత్తన్నారండీ?" అంది నూకరత్నం. ఆమె గొంతు పెరగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ముందు ముందు పుట్టబోయే పిల్లల కోసం."

నూకరత్నం దుప్పటి అంచు కాస్త తొలగించి బిడ్డ ముఖం చూసుకుంది. ఆలోచిస్తున్నట్టు మెల్లగా అంది. "పోయినేడు ఇది నా కడుపులో ఉన్నప్పుడు... మరి దీని కోసమే కదండీ దాసేరు?"

కృపామణి చెయ్యి తెలియకుండానే తన పొట్ట మీదికి వెళ్ళింది. మన పిల్లలు పుట్టేసరికి తయారుగా ఉంటుంది కృపా. అలా ఎదురుచూసే తల్లి ప్రతి ఏడూ ఒకతె ఉంటుంది. ఆమె బిడ్డ పుట్టగానే ఆ బిడ్డ దాచుకునేవాళ్ళ లెక్కలోంచి జారిపోతుంది.

గుమ్మంలో డాక్టర్ వేదవతి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. నూకరత్నం ఆవిడ వైపు తిరిగింది.

"ఎవుర్నడగాలండి?"

"అడిగినా ఇవ్వరమ్మా. నేను చాలాసార్లు అడిగాను."

"మీరడిగేరు. నాను అడగలేదు కదండీ."

డాక్టర్ తన ఫోను తీసి, మండలికి కలిపి, ఒక క్షణం దాన్ని అరచేతిలో బరువు చూస్తున్నట్టు పట్టుకుంది. తర్వాత గొంతు పైకి వినిపించేలా నొక్కి నూకరత్నం చేతిలో పెట్టింది.

"నమూనా సంఖ్య చెప్పండి" అంది అవతలి గొంతు.

"నంబరు తెలీదండి. నాను దాని అమ్మని."

"ఎవరి అమ్మ?"

"నూరు శాతం వొచ్చిందంట కదండీ, ఇందాక. ఆ పిల్ల అమ్మని. మీ కాడ మందుందంట. గంటలో వొచ్చేత్తాదంట. పంపండి బాబూ. ఇంకా పేరు కూడా ఎట్టలేదు దానికి."

"ఈ సమాచారం మీకెవరు ఇచ్చారు?"

"నేను" అంది కృపామణి, ఫోను దగ్గరకు వంగి. "జాడరి కృపామణిని."

"లైనులో ఉండండి" అంది గొంతు. ఆ తర్వాత సన్నని వీణ సంగీతం మొదలైంది.

వరండా అంతా ఆ వీణను వింటూ కూర్చుంది. సంగీతం ఒకసారి ముగిసి మళ్ళీ మొదలైంది. అత్తగారు గొడుగును ఒడిలో పెట్టుకుని దాని ఊచలను ఒక్కొక్కటే తడుముతోంది. డాక్టర్ వచ్చి నూకరత్నం పక్కన నేల మీదే కూర్చుని, దుప్పటి కింద చెయ్యి పెట్టి పాప ఛాతీ తాకింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత గొట్టం వైపు వెళ్ళి గాలి ఆపేసింది. అప్పటిదాకా వినిపిస్తున్నదని ఎవరూ గమనించని ఆ సన్నని ఈల ఆగిపోయింది.

నూకరత్నం ఏడవలేదు. "సంగీతం ఇంకా వొత్తందండీ" అంది అయోమయంగా. అత్తగారు మాత్రం గొడుగు వదిలేసి, కోడలి తలను రెండు చేతులా గుండెకు అదుముకుంది. "నా తల్లీ, నా తల్లీ" అంటున్న ఆవిడ మాటలు ఎవరిని ఉద్దేశించినవో తెలియలేదు. కాసేపటి క్రితం ఫోనులో మొకం పెట్టుకుంటావని తిట్టిన కోడలి చేతిలో ఆ ఫోను అలాగే వెలుగుతోంది.

పక్క బల్ల మీద మూడేళ్ళ కొడుకును పడుకోబెట్టుకున్న ఒకామె లేచి వచ్చి, నూకరత్నం వేళ్ళ మధ్యనుంచి ఫోను మెల్లగా విడిపించి తీసుకుంది. సరిగ్గా అప్పుడే వీణ ఆగింది.

"మీ విన్నపం పరిశీలనకు..."

"ఆ పిల్ల పోయిందండి" అంది ఆమె. "నాను ఇంకొకదాన్ని. మా ఓడి పేరు వీరబాబు. ఆడికీ జొరం ఉంది. ఆడి మందు సాగులో ఉందో మీ కాడ ఉందో తెలీదు. తెలిసేకే నెత్తురిత్తాను."

"అమ్మా, నమూనా ఇవ్వకపోతే మీ అబ్బాయికే నష్టం."

"నాకు సూపించకుండా ఇయ్యను."

ఆమె వెనక ఇంకొకతె లేచింది. కృపామణి బల్లల మీది పిల్లలను లెక్కపెట్టింది. పొద్దున చెవి బాబు లాంటి పిల్లలు ఈ బల్లల మీద ఎందరున్నారో, సాగు మందు దొరికి ఇంటికెళ్ళవలసినవాళ్ళు. ఇప్పుడు వీళ్ళు నెత్తురివ్వనంటే వాళ్ళూ పోతారు. తన ఒక్క మాట ఏ దారిన ఎక్కడికి పోతుందో ఆమె ఆలోచించలేదు. డాక్టర్ వైపు చూసింది. ఆవిడ నేల మీదే కూర్చుని ఉంది, చెయ్యి మళ్ళీ దుప్పటి మీదే. నేను చెప్పానుగా అని ఆవిడ ముఖంలో లేదు. ఏమీ లేదు.

"జాడరికి ఇవ్వండి ఫోను" అంది అవతలి గొంతు, ఈసారి కాస్త తొందరగా. ఫోను చేతులు మారి కృపామణి దగ్గరకు వచ్చింది. "మూడో విడత పలకలు సమయానికి రావాలి. లేకపోతే జిల్లా లెక్క తెగిపోతుంది. మీకు అర్థమవుతోందా? మీ జిల్లా మొత్తం ఇన్నేళ్ళు పడ్డ కష్టం."

"అర్థమవుతోందండి."

"పంపుతారా?"

ఆమె బల్లల వైపు చూసింది. తల్లులందరూ ఆమెనే చూస్తున్నారు. వీరబాబు అమ్మ కొడుకు చెయ్యిని తన కొంగు కింద దాచి పట్టుకుంది.

"పంపుతాను. నల్లమూతలు తీసి ఆరు గుంటలూ ముందు తల్లులకు చూపించాక" అంది కృపామణి. అవతలివాళ్ళు మాట్లాడుతుండగానే ఫోను ఆపేసి డాక్టర్ ఒళ్ళో పెట్టింది.

తర్వాత వెళ్ళి, ఇంతవరకు ఏ తల్లీ దాటని ప్రయోగశాల తలుపును రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ఎవరూ కదల్లేదు. వీరబాబు అమ్మ మొదట లేచింది. కొడుకును భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి, ఎవరింట్లోకో అడుగుపెడుతున్నట్టు తడి చెప్పులు బయట విడిచి, లోపలికి నడిచింది. ఆమె వెనక ఇంకొకతె. గుమ్మం బయట చెప్పుల జతలు ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయి. ఖాళీ అవుతున్న వరండాలో నూకరత్నం దుప్పటిని బిడ్డ పాదాల కిందికి మరింత దోపుకుంటోంది, చలి తగలకుండా.